చేతికి తెలియని రాయి

ఫిబ్రవరి 3
మా గ్రానైట్ క్వారీకి కొత్త డ్రిల్లింగు మిషను వస్తోంది. ఏసీ క్యాబిన్లో కూర్చుని నడపడమేనట. దుమ్ము లేదు, ఎండ లేదు. ఒక్కరినే తీసుకుంటారు. ఇన్నేళ్ళు చేతి డ్రిల్లు పట్టినవాణ్ణి— నాకు కాక ఎవరికి?
బావమరిది ప్రభు కూడా పేరిచ్చాడు.

ఫిబ్రవరి 5
మార్టూరులో ట్రైనింగు. కళ్ళకు వీఆర్ హెడ్‌సెట్... ఎటు తిరిగినా క్వారీయే. చేతుల్లో రెండు కంట్రోలర్లు. లోపల చిన్న మోటార్లున్నాయట. డ్రిల్లు రాయిని తాకగానే టక్కున ఒక అదురు. లోపలికి దిగేకొద్దీ సన్నటి వణుకు. "అక్కడ రాయి లేదండీ. ఉందని మీ చేతిని నమ్మిస్తుందంతే," అన్నారు ట్రైనరు గారు.
"బావా, అచ్చం రాయే!"— ప్రభు.
నా చేతికేమీ తెలియలేదు. కళ్ళతో చూసి నెట్టుకొచ్చాను.

ఫిబ్రవరి 6
ట్రైనరు గారు ప్రభు భుజం తట్టారు. వాడికి డ్రిల్లు పట్టడం నేర్పింది నేను. ఇంటికొస్తే సునీత... "మా తమ్ముడి చెయ్యి మంచిదండీ." అన్నం సహించలేదు.

ఫిబ్రవరి 8
కుళ్ళు. వేరే మాట లేదు.

ఫిబ్రవరి 10
హెడ్‌సెట్లో బొమ్మ ఆపేశారు. అంతా చీకటి. రాయి తగలగానే చెప్పాలి. చెప్పాను. "ఇంకా తగల్లేదండీ." ఈసారి ఆగి చెప్పాను. "ఎప్పుడో తగిలిందండీ." వెనక ఎవరో నవ్వారు. ప్రభు కాదు. వాడు నవ్వినా బాగుండేది.
మోటారు జోరు పెంచితే గానీ తెలియలేదు. "వేళ్ళు మొద్దుబారాయేమో. డ్రిల్లు అదురుకు నరాలు దెబ్బతింటాయి. డాక్టరుకు చూపించండి," అన్నారు ట్రైనరు గారు. చలికండీ, అన్నాను.
చూపిస్తే... చేతి డ్రిల్లు కూడా మానెయ్యమంటే?

ఫిబ్రవరి 11
టీకొట్టు దగ్గర ప్రభు పక్కకు పిలిచాడు. "రేపు ఆఖరి పరీక్ష బావా. బయట టీవీలో నాకన్నీ కనపడతాయి. రాయి తగలగానే దగ్గుతా. నువ్వు చెప్పెయ్."
"మరి నువ్వురా?"
"నాకింకా వయసుంది."
చెంప పగలగొట్టాలనిపించింది. వాడు వేడికి టీగ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. నా గ్లాసు ఇందాకటి నుంచీ గుప్పిట్లోనే ఉంది.

ఫిబ్రవరి 12
పొద్దున్నే. ప్రభు బండి మీద కూర్చుని హారన్ కొడుతున్నాడు. సునీత ఇద్దరికీ క్యారేజీలు కట్టింది. ఆమెకేమీ తెలియదు. "వెళ్ళండి, మీకోసమే ఆగాడు వాడు."
ఇంకా ఔననలేదు. కాదనలేదు...