నల్లచేవ పలక

మేస్త్రీ గారికి,

నమస్కారం. మా అమ్మాయి వాయించుకోవడానికని మీ దగ్గర బాగుకు ఇచ్చిన వయొలిన్ గురించి మీరు రాసిన కార్డు అందింది. తీగల కింద వేళ్ళు నొక్కే పలక నల్లచేవ కర్ర కాదనీ, మామూలు కర్రకు పూసిన నల్లరంగు పోయి మధ్యలో తెల్లబడిందనీ రాశారు. నాకు కోపం వచ్చింది.

పెళ్ళయిన ఏడాది ఆ వయొలిన్ నా భార్యకు నేనే కొన్నాను. పాతకాలపు వాద్యాలకు వాడిన అసలు నల్లచేవ ఇదేననీ, మనవల కాలానికీ అరగదనీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవాణ్ణి. ఒకసారి ఆమె వేలికొసలు నల్లగా ఉంటే ఎందుకని అడిగాను.

"మంచి చేవ కదండీ, కాస్త రంగు వదులుతుంది. మీకన్నీ అనుమానాలే!" అని నవ్వింది. నమ్మాను.

మీతో వాదించడానికి నిన్న పాత రసీదు వెతుకుతూ, ఇంట్లోనే ఉండిపోయిన వయొలిన్ పెట్టె తెరిచాను. అడుగు గుడ్డ కింద నల్ల సిరా సీసా, మరకల దూది దొరికాయి. అరిగిన చోటల్లా ఆమే దిద్దుకుంటూ వచ్చింది. ఇరవై ఆరేళ్ళు, నేను మోసపోయానని నాకు తెలియనివ్వలేదు. పోయేముందు ఏడాదిపాటు మంచం దిగలేదు. అందుకే ఆ తెలుపు మీ కంటపడింది.

అమ్మాయికి అసలైన నల్లచేవ పలకే వేయండి. పాతది పారేయకుండా నాకు పంపండి. తెల్లబడిన చోట మీరు రంగు వేయవద్దు. సీసాలో సిరా ఇంకా ఉంది.

ఇట్లు,
పోయిన వారం వయొలిన్ ఇచ్చి వెళ్ళినవాణ్ణి