సంచిలో మోగిన అలారం

మంగళవారం మధ్యాహ్నం,
ఆసుపత్రి వరండా.

మేనల్లుడికి,

మామయ్య దీవెనలు. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని పెద్దలు నేర్పారు కాబట్టి రాశాను, మనసొప్పి కాదు. ఇక్కడ అందరం క్షేమమని కూడా రాయాలి. ఆ అబద్ధం నా వల్ల కాదు.

నీ చీటీ అందింది. సంతలో బాంబు పెట్టింది మీరేనని, మనవాళ్ళు పడ్డ అవమానానికి అదే జవాబని, వాళ్ళ ఇళ్ళలోకి భయాన్ని పంపామని, రెండోది సిద్ధమవుతోందని రాశావు. మీరు పంపిన భయం ఎవరింటికి చేరిందో చెబుతా, విను.

మీ నాన్న సంగతి తెలుసుగా. మా అక్క పక్కన నిలబడి పిలిచినా వినబడదు గానీ, గడియారం నడక కుంటుపడితే అవతలి గదిలోంచి పట్టేస్తాడు. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు కూడా అక్కను వదిలేసి గోడగడియారాన్నే చూశాడు, అది వేరే కథ. బాగుచేసిన గడియారాన్ని ఒక రోజు ఇంట్లో నడిపి చూస్తేగానీ తిరిగివ్వడు. మొన్న అలాగే ఒకటి సంచిలో వేసుకుని బస్సెక్కాడు. అలారం ఆపడం మరిచాడు. అది దారిలో మోగింది.

బాంబు, బాంబు అని ఎవరో అరిచారట. సంచి బయటికి విసరమన్నారట. ఈయన దాన్ని గుండెకు హత్తుకున్నాడు. ఎందుకు బావా అంటే, పరాయివాళ్ళ వస్తువు, పగిలితే ఏం చెప్పుకోవాలన్నాడు. మొదట చెయ్యి చేసుకున్నది కండక్టరు. మీ సంత పేలుడులో చెల్లెల్ని పోగొట్టుకున్నవాడు. నిన్న ఇక్కడికొచ్చి మీ నాన్న మంచం కోడు పట్టుకుని ఏడ్చాడు. అతన్ని తిట్టబోయి నిన్ను తిట్టాను.

బస్సులో వాళ్ళంతా కొట్టిన దెబ్బలకు మీ నాన్న కుడిచేతి వేళ్ళు నుజ్జయ్యాయి. ఇక పట్టకారు పట్టుకోలేడని డాక్టరమ్మ చెప్పేసింది.

అవమానం అబద్ధమని నేననను. నన్నూ ఆఫీసు గుమ్మంలోంచి గెంటారు. గెంటినవాడి మొహం నాకు గుర్తుంది, నిలదీస్తే వాణ్ణే నిలదీస్తాను. కూరలు కొనుక్కోవడానికొచ్చిన ఆడపిల్ల నీకేం చేసిందిరా? అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు. దుత్త పగిలితే ఇంకోటి కొనుక్కుంటాం! పైగా దానికి సిద్ధాంతమని పేరు. దొంగవెధవ కూడా ఎవరింట్లో దూరుతున్నాడో చూసుకుంటాడు. మీకు ఆపాటి పట్టింపు కూడా లేదు.

ఆ బాంబు నీదని మీ నాన్నకు తెలీదు. నువ్వెప్పుడొస్తావని పొద్దున కూడా అడిగాడు.

కోపంతో,
నిన్నెత్తుకు పెంచిన
మామయ్య.

తా.క. ఈ ఉత్తరం తలుపు కిందనుంచి తోసినవాడు పోలీసు. నీ చీటీ తెచ్చినవాణ్ణి పట్టుకుని నువ్వు దాక్కున్న ఇల్లు కనుక్కున్నాను, వాళ్ళకు చెప్పింది నేనే. రెండోదాన్ని ముట్టుకోకు. ఖాళీ చేతులు పైకెత్తి బయటికి రా. వీధి మలుపులో మీ అమ్మ నిలబడి ఉంటుంది. చెప్పెయ్యమన్నది ఆవిడే.