చేపలు వెయ్యని సరస్సు

అక్కకి,

తమ్ముడు సత్తిబాబు నమస్కరించి రాసేది. నువ్వూ, బావగారూ, పిల్లలూ ఉండిలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నేను నిక్షేపంగా ఉన్నాను. చలికి ముక్కు మీద చర్మం ఊడుతోంది గానీ ముక్కు మాత్రం ఉంది. ఈ కొండ మీద ఫోనుకి సిగ్నలు లేదు, అందుకే ఉత్తరం. ఒక్క మాట ముందే చెప్పేస్తాను, కంగారు పడకుండా చదువు: నేను గెలిచానక్కా!

నన్ను హిమాచల్ పంపింది తాడేపల్లిగూడెం కాంట్రాక్టరు గారని నీకు తెలుసుగా. ఇక్కడి సరస్సులో ట్రౌట్ అనే చలినీళ్ళ చేపపిల్లల్ని వేసి, గాలాలేసుకునే టూరిస్టుల్ని రప్పించాలని ఆయన ఆలోచన. వచ్చిన రోజు చూస్తే లోతున ఉన్న గులకరాళ్ళు కూడా కనబడుతున్నాయి. ఒక్క చేప లేదు. ఇంత నీళ్ళు పెట్టుకుని ఖాళీగా ఉంచారేమిటా అని నా ప్రాణం గిలగిలలాడిపోయింది. నీళ్ళు కనబడితే చేపపిల్ల వెయ్యకుండా ఉండలేం కదా మనం!

బావగారు నేర్పినట్టే గాజుగ్లాసులో నీళ్ళు పట్టి ఎండకెత్తి చూశాను. ఆవగింజంత ఎర్రటి పురుగులు, కుప్పలుతెప్పలుగా ఈదుతున్నాయి. "అబ్బో, మేత సిద్ధంగా ఉంది!" అని గంతేశాను. నేనుంటున్న ఇంటి పెద్దావిడ, డోల్మా మామ్మగారు, గ్లాసు లాక్కుని ఆ నీళ్ళు జాగ్రత్తగా సరస్సులోకే వొంపేశారు.

"పాచిని ఇవి తినేస్తాయి కాబట్టే నీళ్ళు పచ్చబడవు నాయనా. అందుకే మేం తాగుతున్నాం. బాతుపిల్లలు బతికేదీ వీటి మీదే" అన్నారు. నాకొచ్చిన ముక్కల హిందీలో అర్థమైంది అదీ. నేను నవ్వేశాను.

ఆవిడది చాదస్తమని తేల్చేద్దామని రెండు తొట్లలో సరస్సు నీళ్ళు నింపి, మచ్చుకి తెచ్చిన చేపపిల్లల్ని ఒకదాంట్లో వేశాను. రెండు రోజులు తిరిగేసరికి అందులో ఒక్క ఎర్రపురుగు మిగల్లేదు. పదో రోజుకి నీళ్ళు ఆకుపచ్చగా తిరిగాయి. రెండో తొట్టి మొదట ఎలా ఉందో అలాగే ఉంది. నేను చతికిలబడిపోయాను. ఆ పచ్చరంగు నాకు తెలుసక్కా. ఇంటి ముందు కొల్లేరు పెట్టుకుని మనం తాగే నీళ్ళు టిన్నుల్లో కొనుక్కున్నాం, ఆ రంగు అది.

కొల్లేట్లో మన చేపల చెరువు గట్లు సర్కారువాళ్ళు పొక్లెయిన్లతో కొట్టేసిన రోజు గుర్తుందా? "పక్షుల కోసం మన నోటి దగ్గర కూడు లాగేశారు" అని నువ్వు ఏడ్చావు. చిన్నవాణ్ణి, నీ పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు తప్పని ఇప్పటికీ అనను. కానీ ఇక్కడ ఇంకా ఏదీ చెడలేదు. చెడగొట్టబోయేది నా చెయ్యే. అదొక భయం. ఉద్యోగం పోతే ఏ మొహం పెట్టుకుని మీ గుమ్మం ఎక్కుతానా అని ఇంకో భయం.

చేపలు వెయ్యాలా వద్దా తేల్చడానికి పెట్టిన ఊరి సభకి కాంట్రాక్టరు గారు కూడా వచ్చారు. నేను రెండు తొట్లూ మోయించుకెళ్ళి అందరి ముందూ పెట్టి, "ఇందులో ఏ నీళ్ళు తాగుతారో ముంచుకోండి" అన్నాను. పచ్చనీళ్ళ వైపు ఒక్కరూ రాలేదు. ఆయన మండిపడిపోయారు.

"ఏవండీ సత్తిబాబుగారూ, మీకు జీతం ఇచ్చేది చేపలు వెయ్యడానికాండీ, వెయ్యొద్దని చెప్పడానికాండీ?"

"మీరు ఆ తొట్టిలోది ఒక్క గ్లాసు తాగండి. తాగాక నన్ను మాన్పించెయ్యండి" అన్నాను. ఆయన తాగలేదు.

ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. సరస్సులో చేప వెయ్యకూడదు, సబ్బు కలపకూడదు అని కాగితం రాసి సంతకాలు పెట్టారు. చివర నా చేత తెలుగులో పెట్టించారు! చేపల కోసం కింద వాగు పక్కన సిమెంటు తొట్లు కడుతున్నాం. మధ్యలో జలపాతం ఉంది కాబట్టి చేప పైన సరస్సులోకి ఎక్కడం కుదరదు. కాంట్రాక్టరు గారు మూడు రోజులు మూతి ముడుచుకుని, నాలుగో రోజు ఆ పని నన్నే చూసుకోమన్నారు. ఉద్యోగం పదిలం.

ఇక్కడ కుక్కరు లేనిదే అన్నం ఉడకదు. కొబ్బరినూనె రాయిలా గడ్డకట్టింది. సాయంత్రాలు తెలుగు మాట వినబడక పిచ్చెక్కుతుంది, నాలో నేనే మాట్లాడుకుంటున్నాను. కాస్త చింతపండూ, ఎండురొయ్యలూ పంపు. మామ్మగారికి పులుసు రుచి చూపిస్తానని మాటిచ్చాను. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

ఒక్కటే కోరిక. ఇక్కడ ఇటుకరంగు బాతులు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్నాయి. మంచు పడేలోపు దక్షిణానికి ఎగిరిపోతాయట. చలికాలంలో మన కొల్లేట్లో దిగేవీ ఈ జాతివే. ఈసారి ఏలూరు వెళ్ళినప్పుడు కొల్లేటి గట్టు దాకా వెళ్ళి చూడు. వాటిని తిట్టకక్కా, కడుపునిండా తిని వస్తున్నాయి. మీ తమ్ముడి ఊరి నుంచి వస్తున్నాయి.

నీ దీవెన కోరే
సత్తిబాబు