కుడిపక్క నీది

బావా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి ఏడు నెలలు దాటింది. ఇక్కడ అమెరికాలో, మన క్యారీ ఊళ్ళో మళ్ళీ చలి మొదలైంది... నీకు నచ్చే చలి, పొద్దున్నే చేతులకి గ్లవ్స్ వేసుకుని పరిగెత్తే చలి.

నేను బాగానే ఉన్నా. అందరూ అదే అడుగుతున్నారు, నేనూ అదే చెప్తున్నా. ఆఫీస్‌కి వెళ్తున్నా, తింటున్నా, పడుకుంటున్నా. ఏడుపు మాత్రం రాలేదు. నిన్ను సాగనంపిన రోజు కూడా రాలేదు. అక్క నన్ను అదోలా చూసింది. డెంటిస్ట్ ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి ఉంటుందే, మనిషినంతా అలా ఉన్నాను. ఇది మామూలేనా? నిన్ను కాక ఇంకెవర్ని అడగను?

నువ్వు పోయిన తీరు కూడా అలాగే ఉంది, చడీచప్పుడు లేకుండా. ఇంట్లో, లాప్‌టాప్ ముందు, మీటింగ్ మధ్యలో. టీమ్ వాళ్ళు నిన్ను పేరు పెట్టి పిలిచారట. పలకకపోతే మ్యూట్‌లో ఉన్నావనుకుని తర్వాతి టాపిక్‌కి వెళ్ళిపోయారట. అక్క కాఫీ తెచ్చేసరికి... సరే, వదిలేద్దాం.

గుండె అన్నారు డాక్టర్లు. అక్క మాత్రం పరుగు అంది. ఈ వయసులో అంత పరుగేమిటని పలకరించడానికి వచ్చినవాళ్ళు తలో మాటా అన్నారు. అవన్నీ అక్క మనసులో నాటుకుపోయాయి. నీ షూస్ అన్నీ సంచిలో కుక్కి గరాజ్‌లో పడేసింది. నేను మళ్ళీ పరుగు పేరెత్తితే తన గుమ్మం తొక్కొద్దంది. అరవలేదు. డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దుతూ, అటు తిరిగే అంది. ఈ దేశంలో నాకున్న గుమ్మం అదొక్కటే కదా బావా... మానేశాను.

రెండు నెలలు మానేశాను. తర్వాత ఓ ఆదివారం పొద్దున కాళ్ళు వాటంతటవే మనం పరిగెత్తే ట్రెయిల్ బాట వైపు నడిచాయి. బెన్సన్, కిబెట్ అక్కడే ఉన్నారు.

వాళ్ళని మొదటిసారి చూసిన రోజు గుర్తుందా? మన అపార్ట్‌మెంట్స్ వెనక ట్రెయిల్ మీద ఇద్దరు కెన్యా వాళ్ళు, నడుస్తున్నారో పరిగెత్తుతున్నారో తెలీనంత నెమ్మదిగా... "మనకంటే స్లోగా ఉన్నారు, వెనకే పోదాం రా బామ్మర్దీ" అన్నావు. పది నిమిషాల్లో వాళ్ళు కనపడలేదు. నువ్వు బెంచీ మీద వెల్లకిలా పడుకుని దగ్గావు. ఊరూరా మారథాన్‌లు గెలిచి బతికేవాళ్ళని ఆ తర్వాత తెలిసింది.

అయినా మనల్ని రానిచ్చారు. వాళ్ళు తీరిగ్గా పరిగెత్తే రోజుల్లో, మనం ప్రాణాలు పెట్టి పరిగెత్తేవాళ్ళం. వాళ్ళ వేగం మనకెలాగూ రాదు. జంటగా పరిగెత్తడం వచ్చింది. ఎదురుగాలి ఉంటే కాసేపు ఒకడు ముందు, కాసేపు ఇంకొకడు. ఇద్దరికీ ఒకే బాటిల్. దారి అంచున బాటిల్ పట్టుకున్న మనిషి వైపున్నవాడు అందుకుని, రెండు గుక్కలు తాగి, పక్కవాడికి ఇవ్వాలి. ఓ రేసులో బెన్సన్ తన బాటిల్ అందుకోలేకపోతే కిబెట్ తనది ఇచ్చాడు. ఇద్దరూ పరిగెత్తేది ఒకే బహుమతి కోసం. తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో నువ్వు ఆ కథ చెప్పనిది ఒక్కటీ లేదు. "పోటీ చివరి మైలులోనే బామ్మర్దీ, అప్పటిదాకా ఒకే కంచం" అనేవాడివి.

పరుగయ్యాక వాళ్ళు పాలు, పంచదార దండిగా పోసి టీ కాచేవాళ్ళు. "ఈ టీ చూస్తే తెలీట్లేదూ, వీళ్ళు మన చుట్టాలే" అని నీ తీర్మానం.

మన జంటలో కుడిపక్క నీది, ఎడమపక్క నాది. రేసు రోజు అక్క కుడి అంచున నిలబడేది. దూరం నుంచే కనపడాలని బాటిల్‌కి పాత ఆకుపచ్చ చీర ముక్క కట్టేది, అదీ కిబెట్ చెప్పిందే. నువ్వు అందుకునేవాడివి, సగం పైనే తాగేసి నాకిచ్చేవాడివి. "పెద్దవాడి వాటా పెద్దది" అనేవాడివి. ఇప్పుడు ఆ మాట మీద నీతో కొట్లాడాలని ఉంది... ఎలా?

నేను మళ్ళీ వెళ్ళిన ఆ ఆదివారం వాళ్ళిద్దరూ నన్ను మధ్యలో పెట్టుకుని పరిగెత్తారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాను. అక్కకి ఇండియన్ స్టోర్‌కని చెప్పేవాణ్ణి. నమ్మించడానికి వస్తూ వస్తూ కొత్తిమీర తెచ్చి ఇచ్చేవాణ్ణి. మీ ఫ్రిజ్‌లో ఇప్పుడు కొత్తిమీర తప్ప ఏమీ పట్టదు.

మనిద్దరం పేర్లిచ్చిన, పక్కనున్న రాలీ సిటీ మారథాన్ మొన్న జరిగింది. వెళ్ళాను. ఆనందంగా లేదు, భయంగా లేదు, అసలేమీ లేదు. కాళ్ళు ఆడుతున్నాయంతే. పద్దెనిమిదో మైలు దాటాక ఎత్తు ఎక్కుతుంటే, రోడ్డు కుడి అంచున ఆకుపచ్చ ముక్క కనిపించింది.

అక్కే.

ఎవరు చెప్పారో తెలీదు. ముందురోజు బెన్సన్ టీ తాగడానికి మీ ఇంటికి వెళ్ళాడట, నా అనుమానం అతని మీదే. బాటిల్ పైకెత్తి పట్టుకుంది, నీ ఎత్తుకి. నేనేమో ఎడమవైపు పరిగెత్తుతున్నాను. నీ జాగా వదిలేసి. అలా వదిలేశానని కూడా నాకు తెలీదు. చెయ్యి చాపితే అందలేదు. కుడిపక్క నుంచి నువ్వు అందిస్తావని చూశానేమో కూడా... దాటిపోయాను.

వెనక టపటపా చెప్పుల చప్పుడు. బస్సు కోసం కూడా పరిగెత్తని మా అక్క, నీ పాత జాకెట్ వేసుకుని, చున్నీ నడుముకి కట్టుకుని పరిగెత్తుకొస్తోంది. నా కుడిపక్కకి వచ్చింది. రొప్పుతూ ముందు తను రెండు గుక్కలు తాగి, తర్వాత నా చేతికిచ్చింది. ఏడుస్తూనే తిట్టింది. మొదటి కొత్తిమీర కట్టకే తనకి తెలిసిపోయిందట. ఆ మూల సిగ్నల్ దాకా పక్కనే వచ్చి ఆగిపోయింది.

బాటిల్‌లో సగం పైనే ఉంది బావా. నా వాటా ఎప్పుడూ అంత లేదు.

రేసయ్యాక మెడల్‌తో సహా మీ గుమ్మం తొక్కాను. అక్క టీ పెట్టింది. గరాజ్ తలుపు పక్కన నీ షూస్ వరసగా పెట్టి ఉన్నాయి. నాకు ఇంకా ఏడుపు రాలేదు. మొద్దుబారిన పెదవి తేరుకునేటప్పుడు ఓ చోట చురుక్కుమంటుందే... అదేదో మొదలైంది. అది మంచిదేనా?

వచ్చే ఆదివారం అక్క కూడా ట్రెయిల్‌కి వస్తానంది. నడుస్తుందట, పరిగెత్తమంటే ఊరుకోదట. తనని ఎడమపక్క ఉంచి, కుడిపక్క నేను ఉంటాను. బాటిల్ నేనే అందుకుంటాను. నీలా కాదు బావా, తనకి ఎక్కువ మిగులుస్తాను.

నీ బామ్మర్ది,
రఘు