పంతొమ్మిదో తరగతి కరపత్రం

ఓడలరేవు

అమ్మాయి స్టెల్లాకు ఏసుదాసు మావయ్య దీవెనలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం కులాసా.

తుఫానొస్తే జనం ఏం చేయాలో కరపత్రం రాయమని అమలాపురంలో మీ సేవాసంఘం వాళ్లు అడిగారుగా, రాసి పంపుతున్నాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి, ఆషామాషీగా రాయలేను. మొదటి వాక్యం చూడు: "ప్రచండ ఝంఝామారుత సంకేతములు గోచరించిన తక్షణమే తీరవాసులెల్లరును స్వగృహములను పరిత్యజించి సమీపస్థ సురక్షితాశ్రయములకు తరలవలసినదిగా సవినయముగా ప్రార్థించుచున్నాము." ఒక్క కామా లేకుండా ఎంతదూరం వెళ్లిందో చూశావా? గాలివానల రోజులు దగ్గరపడ్డాయి, త్వరగా అచ్చు వేయించు.

నీ మావయ్య

తా.క. ఫోన్ చేయకు. మీ అత్తయ్య లాక్కుని కూరల దగ్గర మొదలుపెడుతుంది. ఉత్తరమే రాయి.

*

అమలాపురం

మావయ్యగారికి, అత్తయ్యగారికి స్టెల్లా వందనాలు.

మా ఆఫీసులో ఏది అచ్చు వేయాలన్నా ముందు కంప్యూటర్లో ఒక సూత్రంతో లెక్క కడతాం. మీ కరపత్రానికి పంతొమ్మిది వచ్చింది. ఇంతవరకూ ఇక్కడ ఎవరికీ అంత రాలేదు. ఇంకొక్కసారి చూసి పంపగలరు.

మీ స్టెల్లా

తా.క. మీ మొదటి వాక్యం చదువుతూ మా మేనేజరుగారు మధ్యలో ఆగి మంచినీళ్లు తాగారు.

*

ఓడలరేవు

బంగారుతల్లి స్టెల్లాకు,

ఇరవైకి పంతొమ్మిదా! తెలుగులో నేనెవరికీ పదమూడు దాటించలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఈ సంగతి చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకొక్కసారి చూడమన్నావు కాబట్టి, మిగిలిన ఆ ఒక్క మార్కు కోసం రెండు సమాసాలు చేర్చి పంపుతున్నాను.

గర్వంతో, మావయ్య

తా.క. మీ అత్తయ్య గారెలు వండింది. నా మార్కులకి ఆవిడ వంట చేయడం ఇదే మొదటిసారి.

*

అమలాపురం

మావయ్యగారికి వందనాలు. కోప్పడకండి.

అవి మార్కులు కావు. వాక్యంలో ఎన్ని మాటలున్నాయి, మాటలెంత పొడుగున్నాయి అని చూసి, అది చదవాలంటే ఎన్నేళ్ల చదువు కావాలో ఆ సూత్రం చెబుతుంది. మీది అర్థం కావాలంటే పీజీ అయ్యాక కూడా మరో రెండేళ్లు చదవాలి. అంతవరకూ తుఫాను ఆగదు కదా! పోయినసారి మీ ఊళ్లో తుఫాను షెల్టరు సగం ఖాళీగా ఉండిపోయింది. మీ వీధిలో చేపలమ్మే భూలక్ష్మిగారు ఇంట్లో ఉండగానే కప్పు లేచిపోయింది. ఆవిడ బతికి బయటపడ్డం అదృష్టం. ఈసారి అలా కాకూడదు. ఐదో తరగతి చదివినవాళ్లకు అర్థమయ్యేలా రాయండి మావయ్యా.

మీ స్టెల్లా

తా.క. సమాసాలు చేర్చాక ఇరవై మూడైంది.

*

ఓడలరేవు

స్టెల్లాకు,

పాస్టరుగారి ముందు తలెత్తుకోలేకపోతున్నాను. నీక్కావలసింది పొట్టి వాక్యాలేగా? తీసుకో: "గాలి. వస్తుంది. వెళ్లండి."

మావయ్య

తా.క. మన వైపు కుక్కని అదిలించినా అండీ అంటాం. జనాన్ని ఇలా గదమాయిస్తే బాగోదు. "వెళ్లండి" తర్వాత "అండీ" అని విడిగా ఇంకో వాక్యం వేయనా?

*

అమలాపురం

మావయ్యగారికి వందనాలు.

ఒకటో తరగతి వచ్చింది! కానీ ఎక్కడికి వెళ్లాలి? ఎప్పుడు వెళ్లాలి? సూత్రానికి పొడుగే తెలుసు, అర్థం తెలీదు. బరువెక్కువైందని చెబుతుందే గానీ, ఏం రాయాలో అది చెప్పదు. మళ్లీ రాసి, భూలక్ష్మిగారి చేత చదివించండి. అర్థమైందా అని మాత్రం అడక్కండి, మర్యాదకి ఆయ్ అనేస్తారు. తుఫానొస్తే ఏం చేస్తారో చెప్పమనండి.

మీ స్టెల్లా

తా.క. అండీ ఒక్కటి అక్కర్లేదు.

*

ఓడలరేవు, తుఫాను షెల్టరు

అమ్మాయి స్టెల్లాకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. భూలక్ష్మి చదివింది. ఏం చేస్తావమ్మా అంటే, "అదంతా బానే ఉందండీ మాస్టారూ, మరి మా మేకల్నేం చెయ్యమంటారండీ? వాటిని వదల్లేకే కదండీ పోయినసారి ఇంట్లో ఉండిపోయేను" అంది. నాకు సిగ్గేసింది. మేకల సంగతి నా పంతొమ్మిదిలోనూ లేదు, ఒకటిలోనూ లేదు. అందుకే నీకు పంపిన చివరి ప్రతిలో ఆ ముక్క చేర్చాను.

నువ్వు అచ్చువేసి పంపినవి మంగళవారం పంచాం. గురువారమే గాలి లేచింది. ఊరంతా మేకలతో సహా షెల్టరుకి వచ్చేసింది, ఒక్కరు తప్ప. ఆ ఒక్కణ్ణీ నేనే. మీ అత్తయ్యని ముందు పంపేసి, పుస్తకాలు తడుస్తాయని అటకమీదికి ఎక్కిస్తూ కూర్చున్నాను. ఇంతలో భూలక్ష్మి వానలో తడుస్తూ వచ్చి, గుమ్మంలో నిలబడి, కాగితం తీసి కూడబలుక్కుంటూ చదివింది.

"గాలి పెరిగితే ఇంట్లో ఉండకండి. వెంటనే షెల్టరుకి రండి. మేకల్ని కూడా తెచ్చుకోండి."

చదివేసి, "మీరు రాసిందేనండీ. అర్థమైందా అండీ?" అంది.

"ఆయ్" అన్నాను. లేచి ఆవిడ వెనకాలే వచ్చేశాను.

క్షేమంగా ఉన్న నీ మావయ్య

తా.క. మళ్లీ అచ్చు వేసేటప్పుడు "మాస్టార్లు పుస్తకాలు వదిలేసి రావాలి" అని చేర్చు. చిన్న వాక్యమే రాయి తల్లీ, పొడుగైతే నేను దాని అందం చూస్తూ కూర్చుండిపోతాను.