నీ ఎత్తులో మేపుల్ తోరణం

సుజాతా,

నువ్వు లేకుండా వచ్చిన మొదటి ఫాల్ సీజన్ ఇది, ఆకులు రాలే కాలం. ఆఫీస్ నుంచి వచ్చి సోఫాలో కూలబడ్డానో లేదో, మన అమ్మాయి చిన్ని వచ్చి, దోసెడు ఎర్రటి మేపుల్ ఆకులు తెచ్చి నా ఒళ్లో పోసింది. ఓపిక లేకపోయినా లేచాను. నువ్వు చేసినట్టే మైనం కరిగించి, ఆకులు ముంచి ఆరబెట్టి, నీ పాత వెంకటగిరి చీర అంచుకి కుట్టాం. అమెరికాలో ఈ షాంటిలీ ఊరికి వచ్చిన కొత్తలో మామిడాకులు దొరక్క నువ్వు మొదలుపెట్టిన తోరణం కదా.

గుమ్మం పైన కట్టబోతుంటే చిన్ని ఆపింది.

"అంత హై వద్దు నాన్నా, అమ్మ హైట్‌లో కట్టు."

స్టూల్ ఎక్కడానికి బద్ధకించి నీకు అందినంతలోనే కట్టేదానివి. తలకి తగులుతోందని ఏటా విసుక్కునేవాణ్ణి. ఈసారీ అక్కడే కట్టాను.

ఎంత అలసిపోయి ఇంటికొచ్చినా, గుమ్మంలో తల వంచడం మాత్రం మర్చిపోవడం లేదు.