బాబాయి దవడ

బాబాయ్,

టీ తాగొస్తానని చెప్పి వార్డులోంచి ఇంటికి చెక్కేశావట. పిన్ని ఫోన్ చేసి ఏడ్చింది. నాకు మాత్రం నవ్వొచ్చింది.

నీ భయం నాకు తెలుసు. దవడలో గడ్డ తీస్తే మాట పోతుందని, బస్టాండు మైకులో బస్సుల వేళలు చెప్పే నీ గొంతు ఇక వినపడదని. అది ప్రాణం తీసే గడ్డ కాదని పరీక్షలో తేలింది. కానీ వదిలేస్తే ఎముకను తినేస్తుంది.

ఇలాంటి గడ్డే తీయించుకున్న టీచరమ్మ నిన్న చూపించుకోవడానికి వచ్చింది. ఆమె కాలి ఎముక ముక్కతోనే ఆమెకు దవడ కట్టినప్పుడు నేనూ ఓ చెయ్యి వేశాను.

"పిల్లలు మీ మాట వింటున్నారా?" అని అడిగాను.

"ఎప్పుడు విన్నారు కనక! వెనక బెంచీదాకా వినపడుతోంది, అది చాలమ్మా" అంది.

నీ ఆపరేషన్ మా ప్రొఫెసర్ చేస్తారు. నేనింకా నేర్చుకుంటున్నదాన్ని, పైగా నీ అన్న కూతుర్ని. ఆయన చెయ్యి వణకడం నేనెన్నడూ చూడలేదు. నీ విషయంలో నా చెయ్యి సంగతి చెప్పలేను కాబట్టి నీ తల దగ్గర నిలబడతానంతే.

సోమవారం మొదటి ఆపరేషన్ నీదే. ఆదివారానికల్లా పిన్నితో వచ్చేయ్. తర్వాత కొన్నాళ్ళు నువ్వు మాట్లాడకూడదు. నీకు చెప్పాలనుకున్నవి నా దగ్గర చాలా ఉన్నాయి. మొదటిసారి మధ్యలో అడ్డు తగలకుండా వింటావు.

నీ డాక్టరమ్మ